వారమ్ పెర్సీ: ఊరు ఖాళీ అయిపోయాక కూడా 400 ఏళ్లకు పైగా నడిచిన చర్చి

తెనాలి_టు_యార్క్

ఇంగ్లండ్ చరిత్ర అనగానే రాజులు, కోటలు, లండన్ టవర్ ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి ఒక చిన్న పల్లెటూరి చర్చి గురించి రాస్తున్నాను. యార్క్‌షైర్‌లో వోల్డ్స్ అని సుద్దరాయి గుట్టలుంటాయి, వాటి మధ్య ఒక లోయలో వారమ్ పెర్సీ అనే ఊరు ఉండేది. 1500 ప్రాంతానికి ఊరు ఖాళీ అయిపోయింది. ఇప్పుడు అక్కడ పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చి, దాని పక్కన చెరువు, కొన్ని కాటేజీలు, ఆ పైన గడ్డి కప్పేసిన గట్లూ పల్లాలూ మాత్రమే ఉన్నాయి. ఆ గట్లే ఒకప్పటి ఇళ్ల గోడలు, దొడ్ల సరిహద్దులు.

1950లో మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఇక్కడ తవ్వకం మొదలుపెట్టాడు. గడ్డి కింద నిజంగా ఇళ్లున్నాయా లేదా తేల్చుకోవడమే మొదట్లో ఆయన ఉద్దేశం. 1952లో జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త కలిశాడు. అక్కడి నుంచి 1990 దాకా ప్రతి వేసవిలో తవ్వారు. మామూలు రైతుల ఊరి మీద ఇంత కాలం పట్టుబట్టి పనిచేసిన చోటు ఇంగ్లండ్‌లో ఇంకొకటి లేదనే చెప్పాలి.

నాకు అన్నిటికన్నా చర్చి గోడలే ఎక్కువ చెప్పాయి. 10వ శతాబ్దంలో చెక్కతో కట్టిన చిన్న గుడి ఉండేదని నేలలో దొరికిన స్తంభాల గుంతలను బట్టి అనుకుంటున్నారు. తర్వాత రాతితో చిన్న చర్చి. 12వ శతాబ్దంలో దాన్ని పెద్దది చేసి, పడమర వైపు గంట గోపురం లేపారు. జనం పెరిగారు, దక్షిణం వైపు ఒక వసారా దించారు. 13వ శతాబ్దంలో ఉత్తరం వైపు కూడా ఇంకొకటి. 14వ శతాబ్దంలో ఈశాన్య మూల ఒక చిన్న ప్రార్థనా గది. ఆ తర్వాత అంతా వెనక్కి నడిచింది. ఒక వసారా కూల్చారు, కొన్నాళ్లకు రెండోదీ కూల్చారు, బలిపీఠం ఉండే గదిని 17వ శతాబ్దంలో కురచ చేసేశారు. జనం ఎప్పుడు పెరిగారో, ఎప్పుడు తగ్గారో ఆ గోడలు చూసి చెప్పేయొచ్చు.

---

రాతిగోడ

మంచి టాపిక్ ఎత్తారు. నేను సివిల్ ఇంజనీర్‌ని, రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద లీడ్స్ వచ్చినప్పుడు వెళ్లి చూశాను. మీరు వసారాలు కూల్చారు అని ఒక్క ముక్కలో దాటేశారు గానీ, అది ఎలా చేశారో చూడాల్సిందే.

వసారా కలపాలంటే అసలు హాలు గోడను తొలిచి కమానులు పెట్టాలి కదా. మందపాటి స్తంభాలు, వాటి మీద కమానుల వరస, ఆ అవతల వసారా. జనం తగ్గాక వసారా కూల్చేశారు, మరి ఆ కమానుల్లోంచి గాలీ వానా లోపలికి కొట్టకుండా ఏం చేయాలి? కమానుల మధ్య ఖాళీని రాళ్లతో పూడ్చేశారు. కానీ కమానును పీకలేదు, పీకితే పైన గోడ కూలుతుంది. దాంతో ఇప్పటికీ బయట నిలబడి చూస్తే గోడలో కమాను ఆకారం, దాని స్తంభం తలకట్టుతో సహా సగం బయటకు కనపడుతూ ఉంటాయి. దాని లోపల వేరే రకం రాతి పని. ఆ పూడ్చిన చోట పెట్టిన కిటికీలు కూడా కొత్తవి కావు, కూల్చిన వసారా గోడలోంచి ఊడదీసి తెచ్చి బిగించినవి. ఒక్క రాయి కూడా వృథా పోనివ్వలేదు.

నేను ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మా ఫీల్డ్‌లో "యాజ్ బిల్ట్ డ్రాయింగ్" అంటాం, పని పూర్తయ్యాక అసలు ఏం కట్టారో చూపించే పటం. 800 ఏళ్ల మార్పులు ఏ కాగితం లేకుండా అక్కడే ఉన్నాయి.

---

చరిత్ర_పంతులు

ఊరు ఖాళీ అవ్వడానికి కారణం ప్లేగు కదండీ? 1348-49 నాటి బ్లాక్ డెత్ వచ్చింది, జనం చచ్చిపోయారు, ఊళ్లు పాడుబడ్డాయి. మేం పాఠాల్లో అలాగే చదువుకున్నాం, ఇన్నాళ్లూ అలాగే చెప్తున్నాం కూడా.

---

తెనాలి_టు_యార్క్

మాస్టారూ, చాలామంది అనుకునేది అదే. కానీ వారమ్ పెర్సీ లెక్కలు వేరే చెబుతున్నాయి. ప్లేగుకు ముందే, 1320ల్లోనే ఊరు బాగా దెబ్బతింది. 1315 నుంచి వరసగా కరువులు, పైగా ఉత్తర ఇంగ్లండ్ మీద స్కాట్లండ్ సేనల దాడులు. 1323 నాటి విచారణ రికార్డులో భూమిలో మూడింట రెండొంతులు బీడుపడి ఉందని రాశారు. ఆ తర్వాత ప్లేగు వచ్చింది, నిజమే, చాలామంది పోయుంటారు. అయినా ఊరు చావలేదు. 1368లో 30 ఇళ్ల వరకు ఉన్నాయి. 1458లో కూడా 16 ఇళ్లలో జనం ఉన్నారు. ప్లేగు వచ్చి వందేళ్లు దాటిన తర్వాత సంగతి ఇది.

చివరి దెబ్బ గొర్రెలది. ప్లేగు తర్వాత కూలీలు దొరకడం లేదు, కూలి రేట్లు పెరిగాయి, ధాన్యం కంటే ఉన్ని లాభంగా ఉంది. పొలాలన్నీ మేత భూములుగా మారిస్తే ఒక గొర్రెల కాపరి చాలు. భూస్వాములు హిల్టన్ కుటుంబం వాళ్లు. 1517లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి కార్డినల్ వుల్సీ ఊళ్లు ఎవరు ఖాళీ చేయించారో తేల్చమని విచారణ పెట్టించినప్పుడు, హిల్టన్ ప్రభువు వారమ్ పెర్సీలో నాలుగు నాగళ్లు ఆపించాడనీ, నాలుగు ఇళ్లు కూలిపోనిచ్చాడనీ రికార్డయింది. అంటే చివరికి మిగిలింది నాలుగు కుటుంబాలు, వాళ్లను కూడా పంపించేశారు.

---

చరిత్ర_పంతులు

వివరంగా చెప్పారు. కానీ ఒక మాట. ప్లేగు లేకపోతే కూలి రేట్లు పెరిగేవి కావు, కూలీలు దొరకని పరిస్థితి వచ్చేది కాదు. అలాంటప్పుడు గొర్రెల వైపు వెళ్లాల్సిన అవసరమూ ఉండేది కాదు. కాబట్టి మూల కారణం ప్లేగే అంటాను. చంపింది నేరుగా కాదు, దారి వేసింది అది.

---

బేచిరాక్_రికార్డు

రెవెన్యూలో చాలాకాలం పనిచేశాను, కాబట్టి ఈ విషయం మీద ఒక మాట. మన రికార్డుల్లో కూడా బేచిరాక్ గ్రామాలు బోలెడున్నాయి. సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్క ఉంటుంది, ఇల్లు ఒక్కటీ ఉండదు. ఎందుకు ఖాళీ అయిందని అడిగితే చుట్టుపక్కల వాళ్లు కలరా అనో, దొంగల భయమనో, అమ్మవారి శాపమనో ఒకే ఒక్క కారణం చెప్తారు. రికార్డు తిరగేస్తే మాత్రం ఇరవై ముప్పై ఏళ్ల పాటు ఒక్కో ఇల్లు ఒక్కో ఇల్లుగా తగ్గడం కనిపిస్తుంది. పంతులుగారు చెప్పినదాంట్లో నిజముంది, కానీ ఆఖరి నాలుగు ఇళ్లను ప్లేగు ఖాళీ చేయించలేదు, ఒక మనిషి నిర్ణయం ఖాళీ చేయించింది. ఆ తేడా చెరిపేయకూడదు. రోగం మీద నెట్టేస్తే భూస్వామి తప్పుకుంటాడు.

---

లీడ్స్_అమ్మాయి

నాకు అర్థం కాని విషయం ఒకటుంది. ఊరు 1500కే ఖాళీ అయితే చర్చిని ఎందుకు వదల్లేదు? ఎవరి కోసం నడిపారు? గొర్రెల కోసం కాదుగా!

---

దోర్నకల్_రోడ్

దీనికి నేను చెప్తాను, చర్చి వాతావరణంలో పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో ఒక పాస్టరేట్ అంటే ఒక్క ఊరు కాదు. ఒక పాస్టరు గారి కింద ఐదారు ఊళ్ల సంఘాలుంటాయి, పెద్ద చర్చి ఒక ఊళ్లో ఉంటుంది. ఆ ఒక్క ఊరు వలస పోయినా పాస్టరేట్ రద్దు కాదు.

అక్కడా అదే. వారమ్ పెర్సీ పారిష్‌లో ఐదు ఊళ్లు: వారమ్ పెర్సీ, రేస్‌థార్ప్, బర్‌డేల్, టౌథార్ప్, తిక్సెన్‌డేల్. ఈ ఐదు ఊళ్ల వాళ్లూ దశమభాగం చెల్లించేది ఈ చర్చికే. బాప్తిస్మం, పెళ్లి, సమాధి అన్నీ ఇక్కడే జరగాలి. ఆ హక్కు చర్చిది, ఆ హక్కుతో వచ్చే రాబడి కూడా. కాబట్టి పక్కన ఒక్క ఇల్లూ లేకపోయినా చర్చి చట్టప్రకారం బతికే ఉంది.

కానీ మిగతా ఊళ్లు కూడా చాలావరకు అదే దారి పట్టాయి. చివరికి తిక్సెన్‌డేల్ ఒక్కటే ఊరుగా మిగిలింది. అక్కడివాళ్లు ప్రతి ఆదివారం గుట్టల మీదుగా దాదాపు 5 కిలోమీటర్లు నడిచి ఖాళీ లోయలో ఉన్న చర్చికి వచ్చేవారు. శవపేటికల్ని కూడా అదే దారిన మోసుకొచ్చేవారు. ఎండలోనూ మంచులోనూ అదే దారి. 1870లో తిక్సెన్‌డేల్‌కు సొంత చర్చి కట్టించారు, అప్పుడు గానీ ఈ నడక తప్పలేదు. ఆ తర్వాత సెయింట్ మార్టిన్‌కు వచ్చేవాళ్లు ఇంకా తగ్గిపోయారు. ఆఖరి ఆరాధన 1949లో.

---

లీడ్స్_అమ్మాయి

చాలా థ్యాంక్సండీ, ఇప్పుడు క్లియర్‌గా అర్థమైంది. 1949లో ఆఖరి ఆరాధన, 1950లో తవ్వకాల మొదలు. ఏడాది తేడా!

---

రాతిగోడ

అవును, ఆ ఏడాదే ముఖ్యం. వాడకం ఆగిన కట్టడం ఎంత వేగంగా పాడవుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా నిలిచిన కట్టడం, తలుపు వేసిన పదేళ్లకే పడిపోయింది. పైకప్పు మీది సీసం రేకులు ఎవరో దొంగిలించుకుపోయారు. సీసం పోతే నీళ్లు దూలాల్లోకి, గోడ తలల్లోకి దిగుతాయి. ఇలాంటి పాత గోడల్లో బయటా లోపలా చెక్కిన రాళ్లు, మధ్యలో సున్నం కలిపిన రాళ్ల ముక్కలు. నీళ్లు ఆ మధ్య పొరలోకి చేరితే సున్నం కరిగిపోయి, రాళ్లు విడివడి, గోడ ఉబ్బుతుంది. 1959 డిసెంబరులో గాలివానకు గోపురంలో సగం కూలిపోయింది. మిగిలిన సగం ఇప్పటికీ నిలబడే ఉంది, దాని లోపలి భాగం మొత్తం బయటకు కనపడుతుంది. మన దగ్గర పాత కట్టడాలు చూసుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే, ముందు పైకప్పు, నీళ్లు పోయే దారి చూసుకోండి. రంగులూ లైట్లూ తర్వాత.

---

తెనాలి_టు_యార్క్

గోపురం కూలడమే చర్చి తవ్వకానికి దారి తీసింది. 1962 నుంచి 1974 దాకా లోపలి నేల, చుట్టూ ఉన్న సమాధుల తోటలో కొంత భాగం తవ్వారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో చాలా తవ్వకాలు సన్నటి కందకాలు తీసి ఆపేసేవి. ఇక్కడ మాత్రం డెన్మార్క్ పద్ధతిలో ఒక ప్రాంతం మొత్తం పైపొర తీసి, ఒక్కో పొరనూ విడిగా గీసుకుంటూ కిందికి దిగారు. మధ్యయుగపు రైతు ఇల్లు అంటే నాలుగు కట్టెలు పాతి మట్టి మెత్తినదే, కందకం తీస్తే ఏమీ తెలియదు. పెద్ద విస్తీర్ణం తెరిస్తేనే గుంతల వరస ఇల్లుగా కనబడుతుంది. చర్చి లోపల ఆ చెక్క గుడి గుంతలు దొరికాయంటే ఈ పద్ధతి వల్లే.

ఇంతకీ సమాధుల తోటలో 687 మంది అస్థిపంజరాలు దొరికాయి. సుమారు 950 నుంచి 1850 వరకు, తొమ్మిది వందల ఏళ్ల పల్లెటూరి జనం. సుద్దనేల కావడంతో ఎముకలు బాగా నిలిచాయి. ఆమ్ల గుణమున్న నేలయితే ఈపాటికి ఏమీ మిగిలేది కాదు.

---

ఎముకల_డాక్టర్

ఈ థ్రెడ్‌లోకి నన్ను లాగింది ఆ 687 సంఖ్యే. నేను ఆర్థోపెడిక్స్‌లో ఉన్నాను, వారమ్ పెర్సీ అస్థిపంజరాల మీద వచ్చిన పరిశోధన చాలాకాలంగా చదువుతున్నాను. రాజుల సమాధి తవ్వితే ఒక మనిషి గురించి తెలుస్తుంది, ఇక్కడ ఒక ఊరు తరతరాలుగా ఏం తిన్నదో, ఏ రోగంతో బాధపడిందో తెలుస్తోంది.

పిల్లల సంగతి చూడండి. పళ్లను బట్టి వయసు తెలుస్తుంది, కాలి ఎముకల పొడవు బట్టి ఎత్తు తెలుస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లలు ఇప్పటి పదేళ్ల పిల్లల కన్నా కాస్త మాత్రమే ఎత్తు. పోషణ లేదు, మాటిమాటికీ జబ్బులు.

తల్లిపాలు ఎన్నాళ్లు తాగారో కూడా తేల్చారు. నైట్రోజన్‌లో బరువైన రకం ఒకటుంది, ఆహార గొలుసులో ఒక మెట్టు పైకెక్కిన కొద్దీ శరీరంలో అది పెరుగుతుంది. పాలు తాగే బిడ్డ ఒక విధంగా తల్లి శరీరాన్నే తింటున్నట్టు లెక్క, అందుకని తల్లి కన్నా ఒక మెట్టు పైన కనిపిస్తుంది. పాలు మానేస్తే దిగిపోతుంది. చిన్నపిల్లల పక్కటెముకల్లో కొలిస్తే సుమారు ఏడాదిన్నర వయసుకు పాలు మాన్పించినట్టు తేలింది. ఏ రాతపతిలోనూ లేని సంగతి ఇది, ఆ కాలంలో పల్లెటూరి తల్లి బిడ్డకు ఎన్నాళ్లు పాలిచ్చిందో ఎవరు రాసిపెడతారు!

ఇంకో విషయం, క్షయ ఆనవాళ్లు ఎముకల్లో ఉన్న 9 మందిని డి.ఎన్.ఏ. పరీక్షకు పెట్టారు. పశువుల దగ్గర బతికే పల్లెటూరు కదా, ఆవుల నుంచి వచ్చే రకం క్షయ అయ్యుంటుందని అనుకుంటాం. దొరికింది మనిషి నుంచి మనిషికి పాకే రకం. చిన్న ఊళ్లో కూడా ఆ రోగం ఇల్లిల్లూ తిరిగిందన్నమాట.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఒక మగమనిషి తల. 960 నుంచి 1100 మధ్య కాలం వాడు. తల ఎడమ పక్క ఏదో మొద్దు వస్తువుతో బలంగా దెబ్బ తగిలి పుర్రె లోపలికి నొక్కుకుపోయింది. ఎవరో వైద్యుడు తల మీది చర్మాన్ని మడతలా పైకి లేపి, దాదాపు 9 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు మేర ఎముకను గీకి, నొక్కుకుపోయిన ముక్కలు తీసేశాడు. లోపలి ఒత్తిడి తగ్గించడానికి ఇప్పుడు మేం చేసేదీ సూత్రప్రకారం అదే. మత్తుమందు లేదు, యాంటీబయాటిక్ లేదు. అయినా అతను బతికాడు. ఎముక అంచులు నున్నగా పూడిపోయి ఉన్నాయి, అంటే ఆపరేషన్ తర్వాత చాలాకాలం జీవించాడు. ఒక మారుమూల రైతుకు అంత చేయితిరిగిన వైద్యుడు ఎలా దొరికాడో నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. మామూలు ఆర్‌.ఎం.పీ.లాంటి వాడు కాదు, ఇది ముందే చాలాసార్లు చేసిన చెయ్యి.

---

లీడ్స్_అమ్మాయి

డాక్టర్ గారూ, ఆ వివరాలు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మరి అక్కడ "దయ్యాల శవాలు" దొరికాయని వీడియోల్లో చూపిస్తున్నారే, అది నిజమా? లేకపోతే వ్యూస్ కోసం అల్లినదా?

---

ఎముకల_డాక్టర్

ఎముకలు నిజం. వీడియోలు చెప్పే తీరుతోనే ఇబ్బంది. అవి చర్చి సమాధుల తోటలో దొరకలేదు, ఊరి ఇళ్ల మధ్య గుంతల్లో దొరికాయి. ఇదే మొదటి విచిత్రం, ఎందుకంటే ఆ కాలంలో క్రైస్తవుడు ఎవరైనా చర్చి పక్కనే సమాధి కావాలి. మొత్తం 137 ఎముకలు, కనీసం 10 మందివి, మగా ఆడా, రెండు నాలుగేళ్ల పిల్లల నుంచి యాభై దాటిన వాళ్ల వరకు. కత్తి గాట్లు, కాలిన గుర్తులు, విరగ్గొట్టిన ఆనవాళ్లు ఉన్నాయి. కాలం 11 నుంచి 14వ శతాబ్దం వరకు విస్తరించి ఉంది, అంటే ఒక్కరోజు జరిగిన సంఘటన కాదు.

2017లో ఈ ఎముకల మీద అధ్యయనం వచ్చింది. మూడు అవకాశాలు పరీక్షించారు. పరాయి ఊరివాళ్లు కాబట్టి అలా చేశారా? పళ్లలో స్ట్రాన్షియం అనే మూలకం చూస్తే మనిషి చిన్నప్పుడు ఏ నేల నీళ్లు తాగి పెరిగాడో తెలుస్తుంది, వీళ్లంతా స్థానికులే. కరువులో మనుషుల్ని తిన్నారా? తిండికి కోస్తే పెద్ద కండలు అతికే చోట, కీళ్ల దగ్గర గాట్లు ఉండాలి, ఇక్కడ గాట్లు ఎక్కువగా తల, మెడ దగ్గరున్నాయి. మూడోది, చచ్చినవాళ్లు లేచి తిరిగి ఊరికి హాని చేస్తారనే భయంతో శవాల తల నరికి, కాల్చి ఉంటారని. పరిశోధకులు దీన్నే ఎక్కువ సరిపోతుందని అన్నారు, తేల్చేశాం అనలేదు. ఆ మాట వీడియోల్లో ఎక్కడా వినపడదు.

---

చరిత్ర_పంతులు

దీనికి రాతపూర్వక ఆధారం కూడా ఉందండి. 12వ శతాబ్దంలో యార్క్‌షైర్‌లోనే న్యూబర్గ్ మఠంలో ఉన్న విలియం అనే చరిత్రకారుడు, సమాధుల్లోంచి లేచి తిరిగే శవాల కథలు రాసిపెట్టాడు. జనం ఆ శవాల్ని తవ్వి తీసి కాల్చేసేవారని కూడా ఉంది. ఆయన పుక్కిటి పురాణంలా కాక, నమ్మదగినవాళ్లు చెప్పిన సంగతిగానే రాశాడు. కాబట్టి అలాంటి భయం ఆ ప్రాంతంలో ఉందనేది ఖాయం.

రెండేళ్ల బిడ్డ ఎముకలు కూడా ఉన్నాయని చదివి మాత్రం మనసు పాడైంది. ఏం భయం పట్టుకుంటే తల్లిదండ్రులు దానికి ఒప్పుకున్నారో.

---

దోర్నకల్_రోడ్

నేను ఒక కష్టమైన ప్రశ్న అడుగుతాను. ఆ 687 మందీ పునరుత్థానం మీద నిరీక్షణతో పాతిపెట్టబడినవాళ్లు. తల పడమర, కాళ్లు తూర్పు, ప్రభువు రాకడకు లేచి నిలబడేలా. వాళ్ల ఎముకల్ని తీసి పెట్టెల్లో పెట్టి నంబర్లు వేసి ఇన్నేళ్లు ఉంచడం సరైందేనా? మా తాత సమాధి అలా తవ్వుతానంటే నేను ఒప్పుకోను. ఒప్పుకోలేను.

---

తెనాలి_టు_యార్క్

ఇది అడగాల్సిన ప్రశ్నే. ఇంగ్లండ్‌లో కూడా దీని మీద పెద్ద చర్చే జరిగింది. 2005లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కలిసి క్రైస్తవ సమాధుల తోటల్లో దొరికే అస్థికల విషయంలో ఎలా నడుచుకోవాలో మార్గదర్శకాలు రాశాయి. వీలైనంతవరకు కదిలించకూడదు, కదిలిస్తే గౌరవంగా చూడాలి, పరిశోధన విలువ ఉన్నవాటిని మాత్రం ఉంచుకోవచ్చు. పాత చర్చి భవనాల్లోనే అస్థికల్ని భద్రపరిచి, పరిశోధకులకు అందుబాటులో ఉంచే పద్ధతి కూడా అందులో ఉంది. అప్పుడు అవి పవిత్ర స్థలంలోనే ఉన్నట్టవుతుంది.

---

ఎముకల_డాక్టర్

దోర్నకల్ గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, మా ఇంట్లో అయినా అంతే. కానీ ఒక సంగతి ఆలోచించండి. ఈ ఎముకలు తవ్వింది 1960, 70ల్లో. క్షయ డి.ఎన్.ఏ. పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. తవ్విన వెంటనే తిరిగి పాతేసి ఉంటే ఆ సంగతి తెలిసేది కాదు, ఎందుకంటే అప్పటికి ఆ పరీక్షే లేదు. ఆ గుంతల్లో ఎముకలూ 1960ల్లో తవ్వినవే, యాభై ఏళ్ల తర్వాత స్ట్రాన్షియం పరీక్ష చేస్తే గానీ వాళ్లు ఆ ఊరివాళ్లేనని రుజువు కాలేదు. అప్పటివరకు వాళ్లను ఎవరో పరాయి జనం అనుకోవడానికి వీలుండేది. సొంత ఊరికి వాళ్లను తిరిగి చేర్చింది ఆ పరీక్షే.

---

దోర్నకల్_రోడ్

మీరు చివర చెప్పిన మాట దగ్గర ఆగి ఆలోచించాను. అయినా నా మనసు మారలేదు, పరిశోధన అయ్యాక ఏదో ఒక రోజు ప్రార్థనతో మళ్లీ నేలకు చేర్చాలనే అంటాను. చేసే పరీక్షలకు అంతుండదు కదా, ఇంకో యాభై ఏళ్లకు ఇంకొకటి వస్తుంది. ఎక్కడో ఒకచోట ఆగాలి. కానీ ఈలోపు వాళ్లను మనుషులుగా చూస్తూ పరీక్షిస్తున్నారని మీ పోస్టులు చదివితే నమ్మకం కలిగింది.

---

బేచిరాక్_రికార్డు

ఇంకో కోణం. ఇక్కడ మొత్తం కథ నిలబడింది మూడు రకాల సాక్ష్యం ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం వల్ల. విచారణ రికార్డులు ఇళ్ల సంఖ్య చెప్పాయి, గోడలు జనం పెరగడం తగ్గడం చెప్పాయి, ఎముకలు తిండి, రోగం చెప్పాయి. ఏదో ఒకటే ఉంటే పంతులుగారి పాఠంలోని ప్లేగు కథే మిగిలేది. మన దగ్గర చాలాచోట్ల శాసనం దొరికితే చాలు, దాంట్లో ఎవరు దానం చేశారో చదువుకుని ఊరుకుంటాం. ఆ గుడికి ఎప్పుడు మండపం కలిపారు, ఎప్పుడు ద్వారం మూసేశారు, ఎందుకు మూసేశారు అని గోడను అడిగేవాళ్లు తక్కువ.

---

చరిత్ర_పంతులు

సార్, ఒప్పుకుంటాను. ఈ జూన్‌లో బడి తెరవగానే తొమ్మిదో తరగతికి ఈ చర్చి నక్షా బోర్డు మీద గీసి, దశల వారీగా పెంచి తగ్గించి చూపిద్దామనుకుంటున్నాను. ప్లేగు మూల కారణమనే నా వాదన మాత్రం పిల్లల ముందు కూడా పెడతాను, 1517 విచారణనూ పెడతాను, వాళ్లే తేల్చుకుంటారు. తెనాలి గారూ, ఏ శతాబ్దంలో ఏ భాగం కట్టారో మీరు పైన రాసింది వాడుకోవచ్చా?

---

తెనాలి_టు_యార్క్

తప్పకుండా వాడుకోండి మాస్టారూ. ఒక సలహా, చర్చి నేల మీద కట్టిన ఒక్కో దశకూ ఒక్కో రంగు సుద్దముక్క వాడండి, పిల్లలకు చటుక్కున ఎక్కుతుంది. అక్కడ గడ్డిలో కూడా పోయిన వసారాల పునాదుల హద్దులు గుర్తుపట్టొచ్చు.

---

లీడ్స్_అమ్మాయి

నేను వచ్చే నెల అమ్మానాన్నలతో వెళ్దామనుకుంటున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పి, ఎక్కువ నడవలేదు. కారు దగ్గరి దాకా వెళ్తుందా?

---

రాతిగోడ

వెళ్లదండి. కారు పార్కింగ్ నుంచి చర్చి దాకా కిలోమీటరుకు పైగా నడవాలి. వెళ్లేటప్పుడు దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు, దారి కూడా సమంగా ఉండదు. వాన పడితే బురద. ఆవులు స్వేచ్ఛగా మేస్తుంటాయి, గేట్లు వేసుకుంటూ వెళ్లాలి. టికెట్ లేదు, పగలు ఎప్పుడైనా వెళ్లొచ్చు. అమ్మగారికి కష్టమైతే కారులో తిక్సెన్‌డేల్ తీసుకెళ్లండి, 1870 నాటి చర్చి చూడొచ్చు, అక్కడి జనం ఎంత దూరం నడిచేవారో దారి పొడుగునా ఆ గుట్టలు చూస్తే మీకే తెలుస్తుంది. మీరూ నాన్నగారూ మాత్రం సెయింట్ మార్టిన్‌కు వెళితే గోడలో పూడ్చిన కమానులు దగ్గర నుంచి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, నా ఫోన్‌లో తీసినవన్నీ ఎండకు తెల్లగా వచ్చాయి. పంతులుగారి క్లాసుకు కూడా పనికొస్తాయి.